నెట్‌కు అవతల చూసే విద్య

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వాలీబాల్ రెండు చోట్ల అబ్బుతుంది. ఒకటి బడి మైదానం. పొద్దున ప్రార్థనకు ముందు పీఈటీ సారు ఈల వేస్తే పిల్లలు వరుస కడతారు. సారు బంతి విసురుతాడు. ముందున్నవాడు రెండు చేతులూ జోడించి అండర్‌హ్యాండ్‌తో తిరిగి సారుకే అందించి, వరుస చివరికి పోతాడు. రెండోది ఊరి కోర్టు. పొద్దు వాలాక పొలం పని ముగించుకున్నవాళ్లు, సాంచాల (మరమగ్గాల) మీద షిఫ్టు దిగినవాళ్లు, కాలేజీ బస్సు దిగినవాళ్లు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు పంచుకుని బంతి కనిపించినంతసేపూ ఆడతారు. అక్కడ పాఠం ఉండదు, వరుసా ఉండదు. ఓడితే వెక్కిరింపు మాత్రం ఉంటుంది.

బడి వరుసలో చేతులు తీరుగా తయారవుతాయి. ఊరి కోర్టులో కళ్లు తయారవుతాయి. జిల్లా సెలెక్షన్లకు వచ్చేసరికి ఈ తేడా బయటపడుతుంది. వరుసలో ఇరవైకి ఇరవై చక్కగా అందించిన పిల్ల, ఎదుటివాళ్ల సర్వీసు తన మీదికి వచ్చేసరికి నిలబడ్డ చోటే బిగుసుకుపోతుంది. చేతులు వంకరగా పెట్టే ఊరి కుర్రాడు బంతి పడే చోటికి ముందే చేరుకుంటాడు గానీ, దాన్ని స్మాష్‌కు బంతి లేపే సెట్టర్‌కు అందించలేక పక్క పొలంలోకి కొడతాడు. ఇద్దరికీ సగం విద్యే వచ్చింది. ఆ రెండు సగాలను ఒకే గంటలో ఎలా నేర్పాలన్న ప్రశ్నకు, మనిషి శరీరం కదలికలను ఎలా నేర్చుకుంటుందో పరిశోధించిన శాస్త్రం దశాబ్దాలుగా జవాబు కూడగడుతోంది.

పట్టుకోవడానికి వీల్లేని బంతి

1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో విలియం మోర్గాన్ అనే వైఎంసీఏ వ్యాయామ శిక్షకుడు ఈ ఆటను రూపొందించాడు. బాస్కెట్‌బాల్‌లోని తోపులాటను తట్టుకోలేని నడివయసువాళ్లు కూడా ఆడుకోవాలన్నది అతని ఉద్దేశం. అందుకే రెండు జట్ల మధ్య నెట్ కట్టాడు. ఒళ్లు ఒళ్లు తగలని ఆట కాబట్టి తేలికనుకుంటాం. నిజానికి ఈ ఆటలోని కష్టం మరోచోట ఉంది. ఫుట్‌బాల్‌లో బంతిని కాలి కింద ఆపుకుని ఆలోచించవచ్చు. కబడ్డీలో గీత దాటాక కూత ఆగేదాకా సమయం ఉంటుంది. వాలీబాల్‌లో బంతిని పట్టుకోకూడదు. ఒక్కరే వెంటవెంటనే రెండుసార్లు తాకకూడదు. మూడు తాకిళ్లలో బంతి అవతలికి పోవాలి. అంటే ఏం చేయాలన్న నిర్ణయం బంతి చేతికి తగలకముందే అయిపోవాలి.

లెక్క వేసి చూద్దాం. కోర్టు పొడవు 18 మీటర్లు. ఎండ్ లైన్ వెనక నుంచి చేసిన సర్వీసు, అందుకునే మనిషిని చేరడానికి దాదాపు 16 మీటర్లు ప్రయాణిస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే మామూలు సర్వీసుకు అందుకు పట్టేది సుమారు 1.15 సెకన్లు. 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే జంప్ సర్వీసుకు 0.64 సెకన్లు. కంటికి కనిపించినదానికి శరీరం స్పందించడానికే దాదాపు 0.2 సెకన్లు పోతాయి. మిగిలిన కాస్త వ్యవధిలో రెండడుగులు కదలాలి, నిలదొక్కుకోవాలి, చేతుల కోణం సరిచేసుకోవాలి.

స్మాష్ సంగతి ఇంకా కఠినం. నెట్ దగ్గర కొట్టిన బంతి ఆరు మీటర్ల దూరంలో కాపు కాస్తున్న మనిషిని 90 కిలోమీటర్ల వేగంతో చేరడానికి పావు సెకను పడుతుంది. కొట్టాక చూసి కదులుదామనుకుంటే బంతి అప్పటికే నేలను తాకి ఉంటుంది. అయినా మంచి ఆటగాళ్లు ఆ బంతిని లేపుతున్నారంటే, కొట్టకముందే దాన్ని చదివారన్నమాట. సెట్టర్ బంతిని నెట్‌కు ఎంత దగ్గరగా లేపాడు, స్మాషర్ ఏ వాలులో పరుగెత్తి వచ్చాడు, గాలిలో అతని భుజం ఎటు తిరిగింది, ఇవన్నీ వాళ్లకు ముందస్తు కబుర్లు. 1980లో ఫ్రాన్ ఆలార్డ్, జానెట్ స్టార్క్స్ అనే పరిశోధకులు వాలీబాల్ దృశ్యాల స్లయిడ్లను రెప్పపాటు చూపించి, అందులో బంతి ఉందో లేదో చెప్పమన్నారు. ఆట రానివాళ్ల కంటే ఆటగాళ్లు వేగంగా చెప్పారు. తేడా కంటిచూపులో లేదు, ఎక్కడ వెతకాలో తెలియడంలో ఉంది.

సారు చేత్తో విసిరిన బంతిలో ఈ కబుర్లేవీ ఉండవు. అది ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలుసు, దాని వెనక మోసం లేదు. స్టాండు వేసిన సైకిల్ తొక్కినట్టు, కాళ్లు ఆడతాయి గానీ తూకం అలవడదు.

బాగా చేయడం వేరు, నేర్చుకోవడం వేరు

అయినా వరుస అభ్యాసం పోకపోవడానికి ఒక బలమైన కారణం ఉంది. అది కళ్ల ముందు ఫలితం చూపిస్తుంది. ఒకే రకం బంతిని ముప్ఫై సార్లు అందుకుంటే ముప్ఫయ్యోసారి అందుకున్న తీరు మొదటిసారి కంటే ఖాయంగా మెరుగ్గా ఉంటుంది. సారుకు తృప్తి, పిల్లలకు ధైర్యం. ఆ మెరుగు రేపటిదాకా నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చారు. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని, చిన్న చెక్క అడ్డంకులను చెప్పిన వరుసలో వీలైనంత త్వరగా పడగొట్టాలి. అలాంటి వరుసలు మూడు. ఒక బృందం ఒక్కో వరుసను పూర్తిగా సాధన చేశాకే తర్వాతిదానికి వెళ్లింది. రెండో బృందానికి మూడూ కలగాపులగంగా వచ్చాయి. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి బృందానిదే పైచేయి. పది నిమిషాలకు, మళ్లీ పది రోజులకు పరీక్షించినప్పుడు మాత్రం కలగాపులగంగా నేర్చినవాళ్లే ముందున్నారు.

దీన్ని ఆటలోకి తెచ్చినవాళ్లు సినా గుడ్, రిచర్డ్ మగిల్. 1986లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 30 మంది యువతులు మూడు వారాలపాటు, వారానికి మూడు రోజులు, మూడు రకాల బ్యాడ్మింటన్ సర్వీసులు సాధన చేశారు. కొందరు రోజుకొక రకం, కొందరు ఏ సర్వీసు తర్వాత ఏది వస్తుందో తెలియకుండా. తర్వాత పెట్టిన పరీక్షలో రెండో బృందం గెలిచింది. కోర్టులో తాము సాధన చేయని వైపు నుంచి సర్వీసు చేయమన్నప్పుడు కూడా వాళ్లదే పైచేయి.

ఎందుకిలా? ఒకే పనిని వెంటవెంటనే చేస్తున్నప్పుడు మెదడు కొత్తగా ఆలోచించదు, ఇప్పుడే చేసినదాన్ని మళ్లీ వాడుకుంటుంది. మధ్యలో వేరే పని వస్తే పాత పరిష్కారం చెదిరిపోయి, మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వస్తుంది. ఆ కట్టుకోవడమే నేర్చుకోవడం. మ్యాచ్‌లో వరుసగా పది సర్వీసులు ఒకే మనిషి ఒకే తీరుగా అందుకునే సందర్భం దాదాపు రాదు. ఒకటి అందుకోవాలి, వెంటనే నెట్ వైపు పరుగెత్తాలి, బ్లాక్‌కు ఎగరాలి, కిందికి దిగి పక్కవాడు లేపిన బంతిని కాపాడాలి. ప్రతి తాకిడీ కొత్తగా కట్టుకున్న పరిష్కారమే.

చిన్నపిల్లల మీద జరిగిన మరో ప్రయోగం కూడా ఇక్కడ పనికొస్తుంది. 1978లో రాబర్ట్ కెర్, బెర్నార్డ్ బూత్ ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచులు గురి చూసి వేయించారు. కొందరు మూడడుగుల దూరం నుంచే సాధన చేశారు. కొందరు రెండు, నాలుగు అడుగుల నుంచి మాత్రమే చేశారు, మూడడుగుల జోలికే పోలేదు. పరీక్ష మూడడుగుల నుంచి పెట్టారు. గెలిచింది రెండో బృందం. పలు దూరాలు చూసిన పిల్లలకు ఒక్క దూరం కాక, దూరానికీ బలానికీ మధ్య ఉండే లెక్కే పట్టుబడింది.

కమ్మరి సుత్తి చెప్పిన రహస్యం

1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త పనివాళ్ల కదలికలను ఫిల్ము మీదికి ఎక్కించాడు. ఆరితేరిన పనివాడు ఉలి మీద సుత్తి వేస్తుంటే చేతి కీళ్ల దగ్గర చిన్న దీపాలు కట్టి గమనించాడు. అనుభవజ్ఞుడి చెయ్యి ప్రతిసారీ అచ్చంగా ఒకే దారిలో కదులుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. సుత్తి పడిన చోటు ప్రతిసారీ ఒకటే. భుజం, మోచెయ్యి, మణికట్టు నడిచిన దారి మాత్రం ప్రతిసారీ కాస్త వేరు. ఒక కీలు దగ్గర వచ్చిన తేడాను మరో కీలు సర్దుతోంది.

నైపుణ్యమంటే ఒక కదలికను అచ్చుగుద్దినట్టు దాచుకోవడం కాదని బెర్న్‌స్టీన్ తేల్చాడు. ఒకే సమస్యను ప్రతిసారీ పరిస్థితికి తగ్గట్టు కొత్తగా పరిష్కరించే శక్తి అది. వాలీబాల్‌కు ఇది మరీ వర్తిస్తుంది. జగిత్యాల పక్క మట్టి కోర్టులో ఎదురుగాలికి బంతి ఆగిపోతుంది, వెనకగాలికి గీత దాటుతుంది. అదే కుర్రాడు హైదరాబాద్‌లో ఇండోర్ స్టేడియంలో అడుగుపెడితే గాలి ఉండదు, పైన దీపాల వెలుగులో బంతి ఎత్తు అంచనా తప్పుతుంది, చెక్క నేల మీద ఎగిరే తీరు మారుతుంది. చేతిలో ఒకే కదలికను బిగించుకున్నవాడికి ఇది కొత్త లోకం. సర్దుకోవడం నేర్చినవాడికి వార్మప్ చాలు.

తెలుగు నేల మీద

ఈ ఆట మనకు పరాయిది కాదు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో పి.వి. రమణ ఉన్నాడు. 2000లో ఆయనకు అర్జున పురస్కారం వచ్చింది. ఆయన కూతురు సింధు బ్యాడ్మింటన్‌కు వెళ్లింది గానీ, ఆ ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్ పోటీలు హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగాయి, హైదరాబాద్ బ్లాక్ హాక్స్ పేరుతో మన నగరానికీ ఒక జట్టు వచ్చింది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టినప్పుడు వాటిలో వాలీబాల్ కోర్టుకు చోటు దక్కింది. పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో పోలీసులు యువకులకు వాలీబాల్ కిట్లు పంచి పోటీలు పెట్టడం కూడా కొత్త సంగతి కాదు. రెండు గుంజలు, ఒక నెట్, ఒక బంతి ఉంటే పన్నెండు మంది ఆడుకోవచ్చు. అంత చవకైన ఆట కాబట్టే అది ఊళ్లలో నిలిచింది.

ఊరి ఆటలో శాస్త్రం కోరుకునే దినుసులు చాలా ఉన్నాయి. ప్రత్యర్థి నిజమైనవాడు, బంతి ఎటు వస్తుందో తెలియదు, పాయింటుకు విలువ ఉంది. అయితే లోట్లూ ఉన్నాయి. ఆరుగురిలో బాగా ఆడే ఇద్దరి చేతికే బంతి పదేపదే పోతుంది. చేతకాని కుర్రాణ్ని వెనక మూలన నిలబెడతారు, బంతి వస్తే పక్కవాడే ముందుకొచ్చి లాక్కుంటాడు. పొడుగువాడు పదేళ్లూ స్మాషరే, పొట్టివాడు పదేళ్లూ వెనకే. గంట ఆడినా కొందరికి తాకిన బంతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అన్నింటికన్నా పెద్ద లోటు ఇంకొకటి. సాయంత్రం ఊరి కోర్టులో కనిపించేది ఎక్కువగా మగపిల్లలే. ఆడపిల్లలకు వాలీబాల్ అంటే బడిలో, గురుకులంలో దొరికే ఆ కాస్త సమయమే. ఆ సమయమంతా వరుసలోనే గడిస్తే వాళ్లకు ఆట ఇంకెక్కడా దొరకదు. అందుకే ఆటలాంటి అభ్యాసాన్ని బడి మైదానంలోకి తేవడం ఆడపిల్లల విషయంలో మరీ అవసరం.

పద్దెనిమిది మంది, మూడు బంతులు, ఒక నెట్

1982లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ బడి క్రీడల బోధనను తలకిందులు చేశారు. ముందు మెలకువలు, తర్వాత ఆట అన్న క్రమాన్ని మార్చి, పిల్లలకు తగ్గట్టు కుదించిన ఆటతోనే మొదలుపెట్టమన్నారు. ఏ మెలకువ ఎందుకు కావాలో ఆటే చెబుతుందన్నది వాళ్ల వాదం. వాలీబాల్‌లో ఈ దారికి గట్టి గొంతు కార్ల్ మెక్‌గౌన్. కదలికల అభ్యాసంలో డాక్టరేటు చేసిన ఈ శిక్షకుడు, 1984, 1988 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన అమెరికా పురుషుల జట్టుతో పనిచేశాడు. తర్వాత బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ జట్టును 1999లో, 2001లో జాతీయ విజేతగా నిలిపాడు. ఆటను ముక్కలు చేసి నేర్పితే ముక్కలే వస్తాయని, నెట్ మీదుగా అవతలి నుంచి వచ్చే బంతితోనే సాధన చేయాలని అతను పట్టుబట్టేవాడు.

కోరుట్లలోని ఒక బడిలో దీన్ని అమలు చేయాలంటే ఏం కావాలి? పద్దెనిమిది మంది పిల్లలు, మూడు బంతులు, ఒక నెట్ అనుకుందాం. తొమ్మిది మీటర్ల కోర్టు వెడల్పును సున్నం గీతలతో మూడు మీటర్ల చొప్పున మూడు పట్టీలు చేయాలి. ఒక్కో పట్టీకి ఆరుగురు, అంటే మూడు జంటలు. రెండు జంటలు ఆడుతుంటే మూడో జంట బయట. పాయింటు పోయిన జంట బయటికి, బయట ఉన్న జంట లోపలికి. మూడు బంతులూ ఒకేసారి ఆడుతుంటాయి కాబట్టి, ఒకే బంతితో ఆరుగురు ఆరుగురు ఆడినప్పటి కంటే ఒక్కో పిల్లకు దాదాపు మూడు రెట్లు బంతి అందుతుంది. ఇద్దరే ఉన్నచోట దాక్కోవడానికి మూల ఉండదు. ఒకరు అందుకుంటే రెండోవారు లేపాల్సిందే, అందుకున్నవారే అవతలికి కొట్టాల్సిందే. పొట్టి పిల్లా లేపుతుంది, పొడుగు పిల్లా వంగుతుంది.

ఇక నిబంధనలే బోధకులు. సారు నోటితో చెప్పేదాన్ని ఆట నియమంగా మార్చవచ్చు. మూడు తాకిళ్లు పూర్తిచేసి గెలిస్తే రెండు పాయింట్లు అంటే, మొదటి తాకిడికే అవతలికి తోసేసే అలవాటు తగ్గుతుంది. స్మాష్ వద్దు, ఖాళీ చోట బంతి వేస్తేనే పాయింటు అంటే, తలెత్తి అవతల చూడటం మొదలవుతుంది. ఇద్దరి మధ్యలో పడిన సర్వీసుకు అదనపు పాయింటు అంటే, సర్వీసు చేసేవారికి గురీ, అందుకునేవారికి "నాది" అని అరవడమూ ఒకేసారి అలవడతాయి. గంటలో చివరి ఇరవై నిమిషాలు పూర్తి కోర్టులో ఆరుగురు చొప్పున ఆడించాలి. సెట్‌ను సున్నా నుంచి కాకుండా 20-20 దగ్గర మొదలుపెడితే, ప్రతి తప్పుకూ ధర ఉండే ఆ ఒత్తిడి రుచి రోజూ కాస్త తెలుస్తుంది.

సారు మాట్లాడే తీరూ మారాలి. 1990లో క్యారొలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ చేసిన ప్రయోగాల్లో ప్రతి ప్రయత్నం తర్వాతా ఫలితం తెలుసుకున్నవాళ్ల కంటే, సగం సార్లే తెలుసుకున్నవాళ్లు తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేశారు. ప్రతి బంతికీ "చేతులు చాపు, మోకాళ్లు వంచు" అని అరుస్తుంటే పిల్ల తన తప్పును తాను పసిగట్టడం మానేసి, సారు గొంతు మీద ఆధారపడుతుంది. దానికి బదులు సంభాషణ ఇలా ఉండొచ్చు.

"ఆ షాట్ ఎటు వస్తదనుకున్నవమ్మా?"

"లైన్ మీదికి కొడ్తదనుకున్న సార్."

"ఎందుకట్ల అనుకున్నవ్?"

"భుజం అటే తిరిగింది సార్. కానీ బాల్ నెట్‌కు దూరంగా లేసింది, లైన్ మీదికి కొట్టరాలే."

ఈ చివరి వాక్యం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. బంతి నెట్‌కు ఎంత దూరంలో లేచిందన్నదానికీ దెబ్బ దిశకూ ఉన్న సంబంధాన్ని తానే కనిపెట్టింది. రేపు ఆమె భుజంతో పాటు బంతి లేచిన చోటునూ చూస్తుంది.

ఎక్కడ ఆగాలి

ఇదంతా విని వరుసలను పూర్తిగా రద్దు చేయాలనుకోవడం తొందరపాటు. ప్రయోగశాలలో స్పష్టంగా కనిపించిన ఫలితం మైదానంలో ప్రతిసారీ అంత స్పష్టంగా కనిపించలేదు. 1990లో కారెన్ ఫ్రెంచ్, జుడిత్ రింక్, పీటర్ వెర్నర్ హైస్కూలు పిల్లలకు మూడు వాలీబాల్ మెలకువలను వేర్వేరు క్రమాల్లో నేర్పించి చూస్తే, కలగాపులగంగా నేర్చినవాళ్లకూ వరుసగా నేర్చినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2004లో మార్క్ గ్వాడగ్నోలి, టిమొతీ లీ దీనికి ఒక వివరణ ఇచ్చారు. నేర్చుకునేవారి స్థాయికి తగ్గ కష్టమే మేలు చేస్తుంది. మొదటిసారి బంతి ముట్టిన పిల్లకు అండర్‌హ్యాండ్ పాసే పెద్ద చిక్కు, దానికి అనిశ్చితిని కూడా కలిపితే ఏదీ తలకెక్కదు. పిల్ల ఎదిగే కొద్దీ కష్టమూ ఎదగాలి.

కాబట్టి కొత్తవాళ్లకు మొదటి కొన్ని రోజులు చేతులు జోడించే తీరు, బంతి తగలాల్సిన చోటు విడిగా చూపించాల్సిందే. ఆ తర్వాత కూడా గంటలో ఐదు పది నిమిషాలు అందుకు కేటాయించవచ్చు. అయితే అప్పుడు కూడా బంతి నెట్ అవతల నుంచే రావాలి, అందుకున్న బంతి సెట్టర్ ఉండే చోటికే పోవాలి. నెట్‌ను పిల్లల ఎత్తుకు తగ్గించాలి. మహిళలకు 2.24 మీటర్లు, పురుషులకు 2.43 మీటర్లు అన్న కొలతలు పెద్దలవి. గట్టి నేల మీద పదేపదే ఎగిరితే మోకాలి చిప్ప కింది స్నాయువులో నొప్పి పుడుతుంది కాబట్టి, ఎగిరే సాధనను వారంలో కొన్ని రోజులకే పరిమితం చేసి, మిగతా రోజులు ఎగరకుండా ఆడే పట్టీ ఆటలు పెట్టడం మంచిది.

పద్ధతి మార్చిన మొదటి వారాల్లో మైదానం చూడటానికి గందరగోళంగానే ఉంటుంది. బంతులు కిందపడతాయి, తప్పులు పెరుగుతాయి, చూసేవాళ్లు "క్రమశిక్షణ లేదు" అంటారు. అప్పుడు సారుకు నిబ్బరం ఇచ్చేది ఒక నోటుపుస్తకం. ఆరుగురి ఆటలో అందుకున్న ప్రతి సర్వీసుకూ 0 నుంచి 3 దాకా మార్కు వేయాలి. సెట్టర్ కదలకుండా ఏ వైపుకైనా లేపగలిగితే 3, రెండడుగులు కదలాల్సి వస్తే 2, ఎలాగోలా బంతి ఆటలో నిలిస్తే 1, పాయింటు పోతే 0. ఈ మార్కులు అభ్యాసం జరిగిన రోజున కాదు, వారం తర్వాత ఆటలో వేయాలి. రాసే పని బయట కూర్చున్న పిల్లలకే అప్పజెబితే వాళ్లూ ఆటను చదవడం నేర్చుకుంటారు. నెల తిరిగేసరికి సగటు పెరిగితే ఆ గందరగోళం పని చేసినట్టే. పెరగకపోతే నియమాలు మార్చాలి, కష్టం తగ్గించాలి, మళ్లీ లెక్క చూడాలి. పద్ధతి ఏదైనా దానికి మార్కులు వేయాల్సింది ఎదుటి జట్టు సర్వీసే.